రోమాలది ఏ దేశమూ కాదన్న మాటకు జవాబు

యూరప్‌లో జిప్సీలని పిలిచే రోమా ప్రజల గురించి "రోమాలు ఏ దేశానికీ చెందని సంచారులు, పిల్లలను బడికి పంపరు, మధ్య యూరప్‌లో వారిపై పెరుగుతున్న కోపం వారి నడవడి వల్ల వచ్చిందే" అన్న మాట ఈమధ్య విరివిగా ప్రచారమవుతోంది. ఒకప్పుడు చెకొస్లొవేకియా అనే ఒకే దేశంగా ఉన్న చెకియా (చెక్ రిపబ్లిక్), స్లొవేకియాల చరిత్ర తెలిసినవారెవరూ దీన్ని ఒప్పుకోలేరు.

మొదట సంచారం సంగతి. స్లొవేకియా రోమాలలో అత్యధికులు తరతరాలుగా ఊళ్ల అంచున స్థిరపడి కమ్మరం, ఇటుకల తయారీ, సంగీతం మీద బతికినవారు. చెక్ ప్రాంతపు రోమాలను నాజీల కాలంలో దాదాపు తుడిచిపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధానంతరం అక్కడి జర్మన్లను వెళ్లగొట్టడంతో ఖాళీ అయిన సరిహద్దు పట్టణాలకు, ఫ్యాక్టరీలకు స్లొవేకియా రోమాలు పనికోసం తరలివచ్చారు. వీరి పిల్లలు చెక్ గడ్డ మీదే పుట్టినా, 1969లో చెకొస్లొవేకియా చెక్, స్లొవాక్ గణరాజ్యాల సమాఖ్యగా మారినప్పుడు తల్లిదండ్రులను బట్టి వారిని కాగితాల మీద స్లొవాక్ పౌరులుగానే రాసుకున్నారు. అప్పట్లో ఆ నమోదును ఎవరూ పట్టించుకోలేదు. 1993 జనవరి 1న దేశం రెండుగా చీలగానే ఆ కాగితమే వారిని సొంత ఊళ్లో పరాయివారిని చేసింది. గత ఐదేళ్లలో నేరశిక్ష పడి ఉండకూడదని చెక్ పౌరసత్వ చట్టం షరతు పెట్టడంతో, చిన్న దొంగతనానికి శిక్షపడినవారికి కూడా పౌరసత్వం అందలేదు. ఎరుకలవారిని పుట్టు నేరస్థులుగా జమకట్టిన వలస పాలనను ఎరిగిన మనకు ఈ తర్కం కొత్తది కాదు.

ఇక చదువు. చెకియాలోని ఒస్త్రావా నగరంలో రోమా పిల్లలను మందబుద్ధుల కోసం పెట్టిన ప్రత్యేక పాఠశాలలకు పంపడం ఇతర పిల్లలతో పోలిస్తే ఇరవై ఏడు రెట్లు ఎక్కువని 18 మంది పిల్లల తరఫున స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల న్యాయస్థానానికి చూపించారు. ఆ బడులకు పంపడానికి తల్లిదండ్రులు సంతకం పెట్టారు కదా అని ప్రభుత్వం వాదించింది. జాతి వివక్షకు గురికాకుండా ఉండే హక్కును సంతకంతో వదులుకోవడం చెల్లదని 2007 నవంబరు 13న తీర్పు వచ్చింది.

కోపం ప్రతిచర్య మాత్రమేనన్న వాదన మరీ బాధాకరం. చెక్ ప్రాంతంలోని లెటీ గ్రామం దగ్గర నాజీల కాలపు నిర్బంధ శిబిరంలో 1942-43 మధ్య మూడు వందలకు పైగా రోమాలు చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. కాపలా కాసింది చెక్ పోలీసులే. 1970లలో ఆ స్థలం మీద పందుల పెంపక కేంద్రం కట్టారు. కమ్యూనిస్టు పాలన పోయినా, దేశం చీలినా అది కదలలేదు. దాని కూల్చివేత మొదలయింది 2022లో.