అటకెక్కిన గాలానికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ గాలం కర్ర గారికి,

ఉభయకుశలోపరి. కింద హాల్లో మేమంతా క్షేమం. పైన అటక మీద, దసరా బొమ్మల పెట్టెకీ పాత కుక్కరు అట్టపెట్టెకీ మధ్య నువ్వూ క్షేమమేనని తలుస్తాను. మొన్న బూజు దులపడానికి స్టూలెక్కిన మా ఆవిడ నిన్ను చూసి, "ఈ కర్ర బానే సాగుతుందే, మూలలకి అందుతుంది" అంది. వద్దన్నాను. "ఏం, చేపలేమన్నా అనుకుంటాయా?" అంది. జవాబు దొరకలేదు. ఆ సిగ్గుతోనే ఈ ఉత్తరం. నీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది. నేరుగా చెప్పే ధైర్యం లేదు కాబట్టి మొదటినుంచీ చెప్పుకొస్తాను.

నువ్వు మా ఇంటికొచ్చింది 2021 డిసెంబరులో. వెల 1,899 రూపాయలు, రీలూ దారమూ కలిపే. ముడిస్తే మూరెడు, లాగితే ఏడడుగులు. నీతోపాటు ఒక రబ్బరు కప్ప ఉచితం: ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట, పొట్ట కింద రెండు కొక్కేలు. ఆ రాత్రి భోజనాలయ్యాక నిన్ను పూర్తిగా సాగదీసి, టీవీ వైపు ఒక్క విసురు విసిరాను. రీలు కిర్రుమంది. కప్ప ఎగిరి వెళ్లి కర్టెన్ కరిచింది. విడిపించడానికి గోళ్ల కత్తెర కావలసొచ్చింది. నీ సర్వీసు మొత్తంలో నువ్వు పట్టింది ఆ కర్టెన్ ఒక్కటే.

ఆ కప్ప కొర్రమీనుకి ఎర. కొర్రమీను ఉండేది నాచూ తూడూ పట్టిన చెరువుల్లో, మడుగుల్లో. మేం వెళ్దామనుకున్నదేమో మారేడుమిల్లి దగ్గర బండల మీద దూకుతూ పారే పాములేరుకి. ఈ తేడా మా పద్నాలుగు మందిలో ఒక్కడికీ తట్టలేదు. అందరం ఇంజనీర్లం మరి.

పథకం మాత్రం ఘనంగా ఉండేది. హైదరాబాద్ నుంచి రాత్రికి రాత్రి రాజమండ్రి, తెల్లారేసరికి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. అక్కడ బొంగులో చికెన్. ఆపైన తారు రోడ్డు వదిలేసి రాళ్ల దారిలో గుడిస కొండ ఎక్కి, గడ్డి మైదానంలో గుడారాలు. మర్నాడు దిగి ఏటి ఒడ్డున నువ్వూ, నేనూ, చేపలూ. వాట్సాప్‌లో "గుడిస గ్యాంగ్" అని గ్రూపు పెట్టాం. ఆ గ్రూపుకి బొమ్మ ఏది పెట్టాలన్న దాని మీద నాలుగు రోజులు చర్చ జరిగింది. మేము ఏ విషయమైనా తేల్చుకున్నది అదొక్కటే.

తేదీల కోసం పోల్ పెట్టాం. మూడు తేదీలిస్తే తొమ్మిది మంది మూడింటికీ టిక్కు పెట్టారు. మిగతా వాళ్లు "మెజారిటీ ఎటంటే అటు" అన్నారు. మెజారిటీ మూడు తేదీల వైపూ ఉందని వాళ్లకి తెలీదు. ఎక్సెల్ తమ్ముడు అరవై మూడు వస్తువుల జాబితా తయారుచేశాడు. అందులో టార్చిలైట్లు పద్నాలుగు, బ్లూటూత్ స్పీకర్లు మూడు, తాడు ఒక్కటీ లేదు. అడ్వాన్సు తలా ఐదొందలన్నాం. ముగ్గురు పంపారు. నాలుగో ఆయన నంబరు సరైనదో కాదో చూడటానికి ఒక్క రూపాయి పంపి, "అందిందా?" అని అడిగాడు. అందింది. ఆ నాలుగొందల తొంభై తొమ్మిదీ ఇంకా దారిలోనే ఉంది.

అసలు ప్రయాణం పేరు చెప్పుకుని మా బావ జీపు కొన్నాడు. నల్లటి జీపు, నా నడుం ఎత్తు టైర్లు. బురదలోంచి బయటికి లాగే హుక్కు ముందొకటి, వెనకొకటి. రాళ్ల మీద టైర్లలో గాలి ఎంత తగ్గించాలో గంటసేపు చెప్పగలడు. "బావా, నాలుగు చక్రాలకీ పవరుందా?" అని అడిగితే కాసేపు ఆకాశం చూసి, "వెనక రెండింటికి... మనకి చాల్లే" అన్నాడు. ఇప్పటిదాకా ఆ జీపు ఎక్కిన కొండ ఒక్కటే, మాల్‌లో నాలుగో అంతస్తు పార్కింగు. మన్యంలో ఏం తగులుతాయోనని వాటర్‌ప్రూఫ్ బూట్లు కొన్న బ్యాంకు మావయ్య, వాటిని వినాయకచవితి నిమజ్జనం రోజున వేసుకున్నాడు.

ఇక వాయిదాల సంగతి. గాలం గారూ, నీకూ నీళ్లకీ మధ్య అడ్డం పడింది మా బద్ధకం అనుకుంటున్నావేమో. కాదు, పంచాంగం. గుడిసకి సీజన్ మొదలయ్యేది వానలు వెనకపట్టాక. సరిగ్గా అప్పుడే కార్తీకం; ఐదుగురు నీచు ముట్టరు. కార్తీకం మధ్యలోనే ముగ్గురు అయ్యప్ప మాల వేస్తారు, అది నలభై ఒక్క రోజులు. ఆ తర్వాత మార్గశిర గురువారాలు, ధనుర్మాసం. సంక్రాంతికి అత్తారిళ్లు. ఫిబ్రవరిలో పెళ్లిళ్లు. మార్చిలో బ్యాంకు మావయ్యకి ఇయర్ ఎండింగు, మిగతా వాళ్లకి పిల్లల పరీక్షలు. ఏప్రిల్, మే ఎండలు. జూన్‌లో స్కూలు ఫీజులు కట్టాక ఎవరి దగ్గరా ఐదొందలుండవు. ఆపైన గోదావరికి వరదలు, ఆ వెనకే శ్రావణం. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టుకోవాలని ప్రభుత్వం ఏటా వేట ఆపేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. మా గ్రూపు మాత్రం ఏడాదికి 365 రోజులూ నిషేధం పాటించింది. ఈ లెక్కన మత్స్యశాఖ వాళ్లు మాకు శాలువా కప్పాలి.

ఆలూ లేదు చూలూ లేదు గానీ పులుసు విషయంలో మాత్రం పెద్ద గొడవే అయింది. ఎక్సెల్ తమ్ముడు గుంటూరు వాడు, కారం తగ్గితే ఒప్పుకోడు. మా బావది కోనసీమ, చింతపండు పులుసులో మామిడికాయ ముక్క పడాల్సిందే. వరంగల్ ఆయన "ముందు వేపుడు, తర్వాతే పులుసు" అని పట్టుబట్టాడు. చేప తలకాయ ఎవరికన్న దాని మీద మాట తేడా వచ్చి ఇద్దరు గ్రూపు వదిలేశారు. అప్పటికి నీ రీలుకున్న ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు.

ఒక్కోసారి అనిపిస్తుంది. అదే మన్యంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు కొట్టి తుపాకులు పట్టుకెళ్లాడు అల్లూరి సీతారామరాజు. వెంట నడిచింది దాదాపు మూడొందల మంది. ఆ తర్వాత వస్తున్నానని మిరపకాయ టపా పంపి మరీ వెళ్లేవాడంటారు. పోల్ లేదు, లైవ్ లొకేషన్ లేదు, "నేను డౌటే బ్రో" అనేవాడు లేడు. మావాళ్లు ఆ మూడొందల్లో ఉండుంటే, చింతపల్లి ఘట్టం 1947 తర్వాతే జరిగేది. అప్పటికి అవసరం కూడా ఉండేది కాదు.

మా జాగ్రత్తల గురించీ చెప్పాలి. దారి తప్పితే గ్రూపులో మెసేజ్ పెట్టాలన్నది మా రక్షణ పథకం మొత్తం. మారేడుమిల్లి దాటి కొండెక్కితే ఫోన్లో గీతలు మాయమవుతాయి, ఆ సంగతి ఎవరూ అడగలేదు. అనుమతుల సంగతీ అంతే. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి. ఆ హద్దుల్లో గాలం వేస్తే చేప నిన్ను పట్టుకునే లోపే అటవీశాఖ వాళ్లు మమ్మల్ని పట్టుకుంటారు. "అయితే సీలేరుకి పోదాం, అక్కడ పెద్ద చేపలుంటాయి" అన్నాడు బావ. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదు. సీలేరు మీద డొంకరాయి, మోతుగూడెం అని వరసగా జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. కరెంటు కోసం పైనుంచి నీళ్లెప్పుడు వదిలితే అప్పుడు ఏరు లేస్తుంది. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతుండగా, ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లకి కొట్టుకుపోయిన వాళ్లలో 24 మంది హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలే. ఆ వారమంతా టీవీ ముందు కూర్చున్న మా అమ్మ ఇప్పటికీ నేను "ఏరు" అంటే చాలు ఫోన్ పెట్టెయ్యదు. సీలేరు వద్దన్నాను. గ్రూపులో నాకు పిరికివాడని పేరొచ్చింది, పర్లేదు.

సరే, దాచిన సంగతికొస్తాను. నిన్ను తీసుకెళ్లకుండా వెళ్లొచ్చాం.

పోయిన సంక్రాంతికి రాజమండ్రిలో ఉన్నాం. కనుమ నాడు మాంసం తిని మత్తుగా పడుకున్న నన్ను తెల్లవారుజామున బావ తట్టి లేపి, "పోదామా?" అన్నాడు. ఎక్సెల్ లేదు, పోల్ లేదు. ఒక తువ్వాలు, ఒక నీళ్ల సీసా, మా అత్తగారు కట్టిచ్చిన అరిసెలు. ఆర్టీసీ బస్సులో మారేడుమిల్లి వెళ్లాం. బావ జీపు హైదరాబాద్‌లో కవరు కప్పుకుని పడుకుంది. అక్కడ అద్దెకి దొరికిన జీపుకి అద్దాలు లేవు, హారన్ లేదు. డ్రైవరు కుర్రాడి కాళ్లకి హవాయి చెప్పులు. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో మా అరిసె. రాళ్ల దారిలో బావ పైనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని, ఒక్కసారి కూడా టైర్లలో గాలి మాట ఎత్తలేదు. పైన గుడారం వేసుకోవచ్చా అంటే, "రాత్రి ఉండనివ్వరండీ, సూసేసి దిగిపోవాల" అన్నాడు కుర్రాడు. అంటే నీ పక్కనున్న ఆ నలుగురు పట్టే గుడారం పని కూడా అయిపోయింది. తనకి నువ్వే నెమ్మదిగా చెప్పు.

దిగొచ్చాక పాములేరు ఒడ్డున కూర్చున్నాం. పదేళ్ల పిల్లాడొకడు బండ మీద గొంతుక్కూచుని ఉన్నాడు. చేతిలో వెదురు కర్ర, దానికో నైలాన్ దారం, చిన్న బెండు ముక్క, కొక్కేనికి బఠాణీ గింజంత పిండి ముద్ద. బెండు ఒకసారి వణికింది. వాడు కదల్లేదు. రెండోసారి మునగ్గానే మణికట్టు ఇలా తిప్పాడంతే, వేలెడు పరిగె ఒకటి ఎండలో తళుక్కుమంటూ వచ్చి బండ మీద పడింది. నాకు నువ్వు గుర్తొచ్చావు. ఆ మణికట్టు తిప్పడం నేను వీడియోల్లో నలభై సార్లు చూశాను.

"మీకు గాలం లేదా సార్?" అన్నాడు.

"ఉంది. ఇంట్లో ఉంది."

వాడు నన్నొకసారి, ఏటినొకసారి చూసి, "మీ ఇంట్లో చేపలుంటాయా?" అన్నాడు.

బావ ఇప్పటికీ నన్ను ఆ పేరుతోనే పిలుస్తున్నాడు, ఇంట్లో చేపలని.

ఆ ఫొటోలు మా ఆవిడ స్టేటస్‌లో పెట్టేసరికి గ్రూపు భగ్గుమంది. "మూడేళ్లు అందరం కలిసి కష్టపడితే మీరిద్దరూ దొంగచాటుగా వెళ్తారా?" అన్నాడు ఆ ఒక్క రూపాయి ఆయన. మమ్మల్నిద్దర్నీ తీసేసి కొత్త గ్రూపు పెట్టుకున్నారు. నిన్న ఎక్సెల్ తమ్ముడు ఫోన్ చేసి, పాతవి మనసులో పెట్టుకోకుండా నిన్ను ఇస్తావా అని అడిగాడు. తప్పకుండా ఇస్తానన్నాను. ఎప్పటికి కావాలంటే, పోల్ నడుస్తోందన్నాడు.

కాబట్టి నువ్వు కుక్కరు పెట్టె వైపు కాస్త జరుగు. కిందటి వారం బావ ఆన్‌లైన్‌లో మడత కుర్చీలు రెండు తెప్పించాడు. వాళ్లింట్లో అటక లేదట.

ఇట్లు,
నీ కర్టెన్ యజమాని