అమెరికా వెళ్లే పిల్లలకి ముందు ఈ సంగీతం వినిపించండి

విశాఖలో ఏ ఇంట్లోనైనా పిల్లాడికి అమెరికా వీసా వచ్చిందంటే సలహాలు మొదలవుతాయి. ఆవకాయ ఎలా కట్టాలి, కుక్కర్ ఏ సూట్‌కేసులో పెట్టాలి అన్న హడావిడి మధ్యలో, అక్కడెప్పుడో స్థిరపడిన మేనమామో బాబాయో వీడియో కాల్‌లోకి వచ్చి, "నల్లవాళ్లుండే ఏరియాలో రూమ్ తీసుకోకు నాన్నా, అటువైపు పోకు" అంటారు. పిల్లాడు సరేనంటాడు. ఆ దేశపు మనుషుల గురించి వాడి చెవిన పడిన మొదటి మాట అది. విన్న ప్రతిసారీ నాకు మనసు కష్టపెట్టే మాట కూడా అదే.

ఈ పత్రిక చదివే మనలో చాలామంది ఆ మాట అన్నవాళ్లో, విని ఊరుకున్నవాళ్లో. అందుకే ఈ సంగతి ఇక్కడే రాయాలనిపించింది. పిల్లలు విమానం ఎక్కేలోపు ఆ నల్లజాతివాళ్ల సంగీతం వాళ్లకి వినిపించండి. జాజ్, సోల్. వీలైతే గ్రామఫోన్ రికార్డు (ఎల్పీ) పెట్టి, దాని అట్ట వాళ్ల చేతికిచ్చి, మీరూ పక్కన కూర్చుని వినండి.

ఫోన్‌లో అన్నీ దొరుకుతుంటే రికార్డు ఎందుకని అడుగుతారు. రికార్డు అట్ట మీద వాయించినవాళ్ల పేర్లుంటాయి, ఎక్కడ ఎప్పుడు వాయించారో చాలావాటి మీద ఉంటుంది. ఒక పక్క అయ్యేదాకా ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఈ రెండూ లేకపోతే ఈ సంగీతం కాఫీ షాపులో వెనకాల మోగే చప్పుడుగానే మిగిలిపోతుంది.

జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' తీసుకోండి. 1964 డిసెంబర్ 9న న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేశారు. మనవాళ్లు ఎంతోమంది ఉండే ఎడిసన్ నుంచి అక్కడికి కారులో ఓ గంట. కోల్ట్రేన్ శాక్సఫోన్, మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గారిసన్ బేస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. మొదటి భాగంలో బేస్ మీద నాలుగు స్వరాల చిన్న ముక్క వస్తుంది. కోల్ట్రేన్ ఆ ముక్కనే పట్టుకుని, శ్రుతి మార్చి మార్చి, పన్నెండు శ్రుతుల్లోనూ వాయిస్తారు. తర్వాత వాద్యం దించి అదే ముక్కని నోటితో నామజపంలా అంటారు. కళాభారతిలో కచేరీలు విన్న చెవికి ఇదేమీ పరాయిది కాదు. ఒక్క పంక్తి పట్టుకుని నెరవల్ చేసే విద్వాంసుడి పట్టుదల ఇందులో తెలుస్తుంది.

నా ప్రాణమంతా నాలుగో భాగం మీదే. అట్ట తెరిస్తే లోపల కోల్ట్రేన్ దేవుడి మీద రాసిన కవిత అచ్చయి ఉంటుంది. నాలుగో భాగంలో ఆయన చేసిందల్లా ఆ కవితని శాక్సఫోన్ మీద చదవడమే, మాటకి మాట, విరుపుకి విరుపు. అట్ట ఒళ్లో పెట్టుకుని వేలితో పంక్తుల వెంట వెళ్తూ వినండి. 'థాంక్యూ గాడ్' అని ముగిసే చోట్ల శాక్సఫోన్ కిందికి దిగి ఆగడం స్పష్టంగా తెలుస్తుంది. నాకు మనవరాలి వరసయ్యే పిల్ల ఒకతి డెట్రాయిట్‌కి చదువుకి వెళ్తుంటే, పెదవాల్తేరులో మా ఇంట్లో ఇలాగే అట్ట ఇచ్చి కూర్చోబెట్టాను. సగంలో తలెత్తి, "తాతయ్యా, ఈయన చదువుతున్నారు కదా!" అంది. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది.

కోల్ట్రేన్‌దే 'అలబామా' ఉంది. 1963 సెప్టెంబర్ 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివాళ్ల చర్చిలో బాంబు పేల్చి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. రెండు నెలలకి ఆయన ఇది రికార్డు చేశారు. ఐదు నిమిషాల వాద్యం, ఒక్క మాట ఉండదు. అదే ఏడాది లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో, అంత పేరున్న గాయకుడు సామ్ కుక్‌కి మోటెల్‌లో గది ఇవ్వలేదు. ఆ అవమానం 'ఎ చేంజ్ ఈజ్ గాన్నా కమ్' పాటలోకి వచ్చింది.

ఇదంతా మనకెందుకంటారా? 1946 నాటి చట్టం ప్రకారం అమెరికాలో స్థిరపడటానికి భారతీయుల కోటా ఏడాదికి 100 మంది. అది మారింది 1965 అక్టోబర్ 3న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టినప్పుడు. దానికి ముందటి ఏడాది పౌరహక్కుల చట్టం, అదే ఏడాది ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చాయి. పుట్టుక చూసి మనిషిని ఆపడం తప్పని ఆ దేశం చేత ఒప్పించడానికి దెబ్బలు తిన్నదీ, జైళ్లకి వెళ్లిందీ, ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఎక్కువగా నల్లజాతివాళ్లే. వాళ్లు వేసిన దారిలో నడిచి వెళ్లి, వాళ్లుండే వీధికి పోవద్దని మన పిల్లలకి చెప్పడం అన్యాయం. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. జాన్సన్ ఆ సంతకం పెట్టింది స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర, మనం అమ్మానాన్నల్ని నిలబెట్టి ఫోటోలు తీసే చోటే.

అమ్మానాన్నలు వస్తే నయాగరాకి తీసుకెళ్తాం, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి తీసుకెళ్తాం. మంచిదే. ట్రాయ్‌లో, నోవైలో ఉండేవాళ్లు డెట్రాయిట్ వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో ఉన్న మోటౌన్ మ్యూజియానికి కూడా తీసుకెళ్లండి. 1959లో బెర్రీ గోర్డీ మొదలుపెట్టిన మోటౌన్ రికార్డు కంపెనీ నడిచిన చోటు అది, చూస్తే మామూలు ఇల్లు. ఆ కంపెనీ గాయకుడు మార్విన్ గే 1971 నాటి 'వాట్స్ గోయింగ్ ఆన్' వెనక, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఆయన తమ్ముడు చెప్పిన సంగతులున్నాయి. ఆ పాట విడుదల చెయ్యడానికి గోర్డీ మొదట ఇష్టపడలేదు. వెనక వాయించేవాళ్ల పేర్లు మోటౌన్ అట్ట మీద అచ్చయింది కూడా ఆ ఎల్పీతోనే. అన్ని హిట్లు కొట్టిన చేతులు ఎవరివో కొన్నవాళ్లకి అప్పటిదాకా తెలియదు! అట్ట చదవండని నేను పట్టుబట్టేది ఇందుకే.

కొనేటప్పుడు ఫస్ట్ ప్రెసింగ్ (మొదటి విడత ముద్రణ) అంటూ వెంటపడకండి. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959లో వచ్చినప్పుడు, మొదటి పక్కనున్న మూడు పాటల శ్రుతి అసలు వాయించినదానికంటే కొంచెం ఎక్కువగా పడింది. రికార్డు చేసేటప్పుడు టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగి, ఆ టేపుని తర్వాత మామూలు వేగంతో మోగించడమే కారణం. 1990ల్లో గాని సరిచెయ్యలేదు. అంటే ఎంతో డబ్బు పోసి కొనే పాత కాపీలో శ్రుతి తప్పు, ఇప్పటి మామూలు ముద్రణల్లో ఒప్పు. ప్లాస్టిక్ కవర్లో మూసిపెట్టి, రేటు ఎప్పుడు పెరుగుతుందా అని చూసుకోవడం నా దృష్టిలో రికార్డులు దాచడమే కాదు. అట్ట మూలలు నలిగినా సూది దాటిపోకుండా మోగే కాపీ చాలు.

విశాఖకి టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే యంత్రం) తెచ్చేవాళ్లు ఒకటి చూసుకోవాలి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. పాత టర్న్‌టేబుళ్లలో చాలావాటి మోటారు ఆ లెక్కనే తిరుగుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది గాని హెర్ట్జ్ జోలికి పోదు. నిమిషానికి 33 సార్లు తిరగాల్సిన రికార్డు 28 దాకా పడిపోతుంది, సోల్ గాయని అరెతా ఫ్రాంక్లిన్ గొంతు మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. డీసీ అడాప్టర్‌తో నడిచేది తెచ్చుకోండి, దాని మీద 50/60 హెర్ట్జ్ అని ఉంటే టెన్షన్ లేదు. ఇక తేమ సంగతి. మన సముద్రపు గాలికి అట్టకి బూజు పడుతుంది, అది గాడిలోకి పాకితే చిటపటలు మొదలు. లోపలి కాగితం కవరు తీసి ప్లాస్టిక్‌ది వెయ్యండి. ఎండ తగలని చోట నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి. మురికి పడితే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, మెత్తటి గుడ్డ సరిపోతాయి.

మన సంఘం సభల్లో సినిమా పాటల రాత్రి ఎప్పుడూ ఉంటుంది. ఈసారి పక్కన ఒక చిన్న గది, ఒక టర్న్‌టేబుల్, ఒక గంట ఇవ్వమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. సంగీతం నేర్చుకునే పిల్లలుంటే జాన్ కోల్ట్రేన్ భార్య ఆలిస్ కోల్ట్రేన్ 1971 రికార్డు 'జర్నీ ఇన్ సచ్చిదానంద' తో మొదలుపెట్టవచ్చు, హార్ప్ కింద మన తంబురా మోగుతూ ఉంటుంది. డిసెంబర్‌లో విశాఖ వచ్చేవాళ్లు సూట్‌కేసులో నాలుగు రికార్డులు బట్టల మధ్య పెట్టుకు రండి. సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ మాత్రం నా దగ్గర ఉన్నారు, ఊరొదిలి వెళ్లి ఓడరేవులో కూర్చున్న మనిషి పాటతో సహా. జనవరిలో విమానం ఎక్కబోయే పిల్లల్ని తీసుకుని ఏ సాయంత్రమైనా పెదవాల్తేరు రండి.