మూడో తరగతి తీసివేత, డీఎడ్ రికార్డు

52 లోంచి 27 తీసివేయమంటే మూడో తరగతి పిల్లలు కొందరు 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేస్తారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న నియమాన్ని తమంతట తామే తయారు చేసుకుని, దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారన్నమాట. ఇది పసిగట్టిన టీచరు చీపురుపుల్లలను పదేసి చొప్పున ఐదు కట్టలు కట్టి, పక్కన రెండు విడిపుల్లలు పెడతారు. పిల్లవాడి చేతనే ఒక కట్ట విప్పిస్తారు. ఇప్పుడు విడిపుల్లలు పన్నెండు, ఏడు తీయవచ్చు. పసిగట్టని టీచరు ఇంటూ గుర్తు పెట్టి తర్వాతి లెక్కకు పోతారు.

ఆ పసిగట్టే చూపు, ప్రాథమిక తరగతుల టీచర్లను తయారుచేసే రెండేళ్ల కోర్సు డీఎడ్‌లోనే రావాలి. బీఎడ్ చేసినవారూ ప్రాథమిక తరగతులకు అర్హులేనని 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఇచ్చిన నోటిఫికేషన్‌ను రాజస్థాన్ హైకోర్టు కొట్టివేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పునే సమర్థించింది. చిన్న పిల్లలకు చదువు చెప్పడం ప్రత్యేకమైన విద్య అన్నది ఆ తీర్పులోని సారం. నూటికి నూరుపాళ్లూ నిజం. మరి ఆ ప్రత్యేక విద్యను డీఎడ్ నిజంగా నేర్పుతోందా?

డీఎడ్ విద్యార్థులు తాము చెప్పే పాఠాల గురించి రికార్డులు రాస్తారు. నేను చూసినవాటిలో చాలావరకు అట్టలు వేసి, ఎర్ర స్కెచ్‌తో గీతలు గీసి ముచ్చటగా ఉన్నాయి. ప్రేరణ, పునశ్చరణ, మూల్యాంకనం అన్నిటికీ గడులున్నాయి. ఏ పిల్లవాడు ఏ మాట దగ్గర ఆగిపోయాడో రాసే గడి మాత్రం కనిపించలేదు. మనస్తత్వవేత్త పియాజే చెప్పిన పిల్లల వికాస దశలు టెట్ కోసం అందరికీ కంఠస్థమే. ఆయన చేసినట్టే పొట్టి గ్లాసులోని నీళ్లను సన్నని పొడవాటి గ్లాసులో పోసి, 'ఎందులో ఎక్కువున్నాయి?' అని ఐదేళ్ల పాపను అడిగి చూసినవారు ఎందరు?

తెలుగు చదవడం నేర్పే విషయంలో నాకు మరింత బాధ కలుగుతుంది. 'క'కు దీర్ఘమిస్తే 'కా', గుడి ఇస్తే 'కి' అని గుణింతం గడగడా అప్పజెప్పే పిల్లలే 'కాకి' అన్న మాట దగ్గర తడబడతారు. అక్షరాల నుంచి మాటకు పిల్లల్ని ఎలా నడిపించాలి? ఇంట్లో కోయ, సవర మాట్లాడే పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టాలి? పాఠ్యక్రమంలో వీటికే అన్నిటికన్నా ఎక్కువ గంటలు కేటాయించాలి.

2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. తక్కువేమీ కాదు. కానీ దాన్ని పర్యవేక్షించే డీఎడ్ కళాశాల బోధకుల్లో చాలామంది బీఎడ్, ఎంఎడ్ దారిలో వచ్చినవారే. ఒకటో తరగతికి ఒక్కరోజైనా పాఠం చెప్పనివారూ ఉన్నారు. కోర్టు ఎత్తిచూపిన లోటు బోధకుల స్థాయిలో అలాగే ఉంది. జాతీయ విద్యావిధానం చెప్పినట్టు 2030 నాటికి నాలుగేళ్ల బీఎడ్ కనీస అర్హతగా మారినా, ఈ లోటు తీరకపోతే పెరిగేవి రికార్డులే.

డీఎడ్ చదివే ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ ఏడాది పొడవునా ఇద్దరు పిల్లల్ని గమనించి, వారి తప్పులనూ వాటి వెనకున్న ఆలోచననూ రాయాలి. ఆ రికార్డు దిద్దే బోధకులు సంతకం పెట్టేముందు ఆ బడికి వెళ్లి, ఆ పిల్లల పక్కన కూర్చుని వాళ్ల చేత చదివించాలి.