స్టోరేజి స్కాన్ రిపోర్టును చూసి ఫైళ్లు తీసేయవచ్చా? ఒక ప్రచారానికి ఖండన

ఫైల్ సర్వర్లలోనూ నాస్ పరికరాల్లోనూ (నెట్‌వర్క్‌కు తగిలించి అందరూ వాడుకునే స్టోరేజి పెట్టెల్లోనూ) పేరుకుపోయిన ఫైళ్లను లెక్కకట్టి రిపోర్టు ఇచ్చే సాఫ్ట్‌వేర్ గురించి ఒక సందేశం కొంతకాలంగా గ్రూపుల్లో తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి ఫైలునూ తెరిచి చదువుతుంది కనుక లెక్క తప్పే ప్రసక్తే లేదు, మంచి సాఫ్ట్‌వేర్ అయితే ఎంత పెద్ద సర్వరునైనా నిమిషాల్లో స్కాన్ చేస్తుంది, ఏడాదిగా ఎవరూ తెరవని ఫైళ్లనూ పేరూ పరిమాణమూ ఒకటైన డూప్లికేట్లనూ అదే పట్టిస్తుంది కనుక వాటిని కళ్లు మూసుకుని తీసేయవచ్చు, తీసేస్తే రిపోర్టులో చూపినంత చోటూ ఖాళీ అవుతుంది, ఇక ఓనరు కాలమ్ చూసి ఎక్కువ చోటు ఆక్రమించినవారిని నిలదీయడమే తరువాయి. సర్వరు నిండిపోయి దిక్కుతోచనివారికి ఇది ఊరటనిచ్చే మాటే. అయితే ఆ సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు తెలిస్తే ఇందులో ఏ ఒక్క మాటా యథాతథంగా నిలవదు.

ప్రతి ఫైలునూ తెరిచి చదువుతుందనే మొదటి మాటే తప్పు. సాధారణ స్కాన్ చదివేది ఫైళ్లను కాదు, ఫోల్డర్ల జాబితాలను. విండోస్ షేర్లు (నెట్‌వర్క్‌లో అందరికీ తెరిచిన ఫోల్డర్లు) వాడే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్‌లో ఒక ఫోల్డరులో ఏమేమి ఉన్నాయని అడిగితే, సర్వరు ఒక్కో జవాబులో అనేక ఫైళ్ల పేర్లు, పరిమాణాలు, సృష్టించిన, మార్చిన, చివరిసారి తెరిచిన తేదీలు, గుణాలు (దాచినది, చదవడానికి మాత్రమే వంటి గుర్తులు) కలిపి పంపుతుంది. యూనిక్స్, లైనక్స్ యంత్రాలు ఇదే పనికి వాడే ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రోటోకాల్‌లో, 1995లో వచ్చిన మూడో వెర్షన్‌లోనూ పేర్లతోపాటే ఈ వివరాలను తెచ్చే ఏర్పాటు ఉంది. కనుక ఫైలు లోపల ఏముందో స్కానరుకు తెలియదు. రిపోర్టులో కనిపించే ‘ఫైలు రకాలు’ పట్టిక సైతం సాధారణంగా పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను చూసి వేసినదే. ఒక వీడియో ఫైలుకు ఎక్స్‌టెన్షన్ మార్చి పెడితే అది మరో వరుసలో చేరిపోతుంది.

లెక్క తప్పదనడం కూడా అంతే. స్కానరు ఏ అకౌంటుతో నడుస్తుందో ఆ అకౌంటుకు అనుమతి ఉన్నంత మేరకే దానికి కనిపిస్తుంది. అనుమతి లేని ఫోల్డరు దగ్గర ‘యాక్సెస్ డినైడ్’ అని లాగ్‌లో నమోదైతే మేలే, కనీసం వెలితి ఉందని తెలుస్తుంది. కానీ షేరుపై యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్ (అనుమతి ఉన్నవాటినే చూపే అమరిక) అమలులో ఉంటే అనుమతి లేని ఫోల్డరు జాబితాలోకే రాదు. ఏ లోపమూ నమోదు కాకుండానే మొత్తంలోంచి కొన్ని టెరాబైట్లు మాయం కావచ్చు. విండోస్‌లో చిరకాలంగా ఉన్న 260 అక్షరాల పాత్ (ఫోల్డర్ల పేర్లతో కలిపి ఫైలు పూర్తి చిరునామా) పరిమితిని దాటలేని పాత సాఫ్ట్‌వేర్లు లోతైన ఫోల్డర్లను వదిలేయడమూ ఇలాంటిదే.

నిమిషాల్లో స్కాన్ అనే మాటకు మూలం లేకపోలేదు. కంప్యూటరులోనే ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) డిస్కుపై కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫోల్డర్ల వెంట తిరగకుండా డిస్కులోని ఫైళ్లన్నిటి వివరాలుండే మాస్టర్ ఫైల్ టేబుల్‌ను నేరుగా చదివేస్తాయి; అందుకే అవి సెకన్లలో ముగుస్తాయి. నెట్‌వర్క్ షేరు ద్వారా ఆ టేబుల్ అందదు, ఫోల్డరు ఫోల్డరుకూ సర్వరును అడగాల్సిందే. అప్పుడు సమయాన్ని తేల్చేది టెరాబైట్లు కాదు, ఫోల్డర్ల సంఖ్య, ఫైళ్ల సంఖ్య, ప్రశ్నకు జవాబుకు మధ్య పట్టే జాప్యం. పది లక్షల ఫోల్డర్లను ఒకదాని తరువాత ఒకటిగా, ఫోల్డరుకు ఒక్క ప్రశ్న చొప్పున అడిగినా, జాప్యం 1 మిల్లీసెకను అయితే సుమారు 17 నిమిషాలు, దూరపు లింకుపై 40 మిల్లీసెకన్లయితే 11 గంటలు పడుతుంది. నిజానికి ఫోల్డరును తెరవడం, చదవడం, మూయడం వేర్వేరు అభ్యర్థనలు. ఓనరునూ అనుమతులనూ కూడా చూపమంటే, విండోస్ షేర్లలో ఫైలు ఫైలుకూ విడిగా అడగాలి కనుక ఈ సమయం ఇంకా పెరుగుతుంది. స్కానరును స్టోరేజికి దగ్గరగా ఉన్న యంత్రంపై, ఒకేసారి పలు థ్రెడ్లతో (సమాంతరంగా పలు ప్రశ్నలు అడిగేలా) నడపడమే దీనికి మందు; సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు.

అసలు ప్రమాదం ‘ఏడాదిగా ఎవరూ తెరవని ఫైళ్లు’ అనే మాటలో ఉంది. రిపోర్టు ఈ నిర్ణయానికి వచ్చేది చివరిసారి తెరిచిన తేదీని బట్టి. ఫైలు చదివిన ప్రతిసారీ ఆ తేదీని డిస్కుపై రాయడం భారమని విండోస్ విస్టా నుంచి దాని నవీకరణను డిఫాల్టుగా ఆపేశారు. తరువాతి విడుదలల్లో ఇది యంత్రం అమరికను బట్టి మారుతుంది. లైనక్స్‌లో 2009 నాటి 2.6.30 కెర్నల్ (ఆ వ్యవస్థ మూలభాగం) నుంచి ‘రెల్‌ఎటైమ్’ డిఫాల్టు అయింది: పాత తేదీ మార్పు తేదీ కంటే వెనకబడి ఉంటేనో, 24 గంటలు దాటితేనో మాత్రమే కొత్త తేదీ పడుతుంది. ఆ తేదీని అసలే రాయవద్దనే ‘నోఎటైమ్’ పెట్టిన వాల్యూములో (డిస్కు విభాగంలో) అదీ లేదు. అంటే నవీకరణ ఆగిపోయిన సర్వరులో రోజూ పదిమంది తెరిచే ఫారం నమూనా కూడా ఏళ్లుగా ఎవరూ ముట్టనిదిగా కనిపిస్తుంది. నవీకరణ నడుస్తున్న సర్వరులో ఇందుకు విరుద్ధమైన తప్పు జరుగుతుంది: యాంటీవైరస్సో, తేదీని కాపాడని బ్యాకప్పో ఫైలును చదివితే, మనిషి చేయి తగలని ఫైళ్లన్నీ నిన్ననే వాడినవైపోతాయి. కాబట్టి ఆ సర్వరులో ఈ అమరిక ఏ స్థితిలో ఉందో చూడకుండా ఆ కాలమ్‌ను నమ్మడం నిర్లక్ష్యమే. మార్చిన తేదీ ఇంతకంటే నమ్మదగినదే గానీ అది చెప్పేది రాసిన సంగతే, చదివిన సంగతి కాదు. తేదీలను పక్కపక్కన పెట్టి చూడడం కొంత మేలు: మార్చిన తేదీ 2014లో, సృష్టించిన తేదీ 2021లో ఉంటే ఫైలు పుట్టకముందే మారిందని కాదు, 2021లో ఎవరో దాన్ని అక్కడికి కాపీ చేసి ఉంటారని అర్థం.

పేరూ పరిమాణమూ ఒకటైతే డూప్లికేటే అనే మాట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్థిర పరిమాణంలో ఉండే డేటాబేస్ ఫైళ్లు, డిస్కు ఇమేజిలు లోపల పూర్తిగా వేరై ఉండవచ్చు. నిజంగా తేల్చాలంటే పరిమాణం కలిసిన ఫైళ్లను మొదటినుంచి చివరిదాకా చదివి హాష్ (లోపలి డేటాను బట్టి వచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య) కట్టాలి. ఒక గిగాబిట్ లింకు నిండుగా నడిచినా 10 టెరాబైట్లు చదవడానికి 22 గంటలు పడుతుంది. పాత ఫైళ్లను క్లౌడుకో టేపుకో పంపి స్థానికంగా ఆనవాలు మాత్రమే మిగిల్చిన చోట, ఈ చదువుడు ఆ ఫైళ్లన్నిటినీ వెనక్కి రప్పించి, ఖాళీ చేయబోయిన డిస్కునే నింపేస్తుంది.

చూపినంత చోటూ ఖాళీ అవుతుందనేది మరో భ్రమ. ఫైలు పరిమాణం వేరు, డిస్కుపై అది ఆక్రమించే చోటు వేరు. 4 కిలోబైట్ల క్లస్టర్లు (చోటు కేటాయించే కనీస ముక్కలు) ఉన్న డిస్కులో 5 కిలోబైట్ల ఫైలుకు 8 కిలోబైట్లు పోతాయి. కంప్రెస్ చేసిన ఫైళ్లకూ, ఖాళీ భాగాలకు డిస్కుపై చోటు తీసుకోని స్పార్స్ ఫైళ్లకూ ఇది తలకిందులు. హార్డ్ లింకులున్న (ఒకే డేటాకు ఒకటికి మించి పేర్లున్న) ఒకే ఫైలును స్కానరు రెండుసార్లు లెక్కించవచ్చు, అందులో ఒక పేరు తీసేస్తే ఒక్క బైటు కూడా ఖాళీ కాదు. స్టోరేజిలో డీడూప్లికేషన్ (ఒకేలా ఉన్న డేటాను ఒక్కసారే దాచే పద్ధతి) నడుస్తుంటే, పది కాపీల్లో తొమ్మిదింటిని తొలగించినా దక్కేది దాదాపు శూన్యం. వీటన్నిటినీ మించినవి స్నాప్‌షాట్లు, అంటే ఒక క్షణంలో వాల్యూమ్ ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే ప్రతులు: తొలగించిన ఫైలును పట్టుకున్న స్నాప్‌షాట్ గడువు తీరేదాకా ఆ బ్లాకులు విడుదల కావు. నాస్‌లో రీసైకిల్ బిన్ పనిచేస్తుంటే ఫైలు చోటు మారిందే తప్ప పోలేదు. ఎంత చోటు మిగిలిందో వాల్యూమ్ ఖాళీ అంకె చెప్పాలి గానీ స్కాన్ రిపోర్టు చెప్పలేదు. టెరాబైటు డిస్కును విండోస్ 931 గిగాబైట్లుగా చూపడం మాత్రం నష్టం కాదు. ఒకరు 1000తో, మరొకరు 1024తో భాగించడం వల్ల వచ్చే తేడా అది.

చివరిగా ఓనరు కాలమ్. అక్కడి పేరు ఫైలును రాసినవారిది కానక్కరలేదు. నిర్వాహక హోదాతో సృష్టించిన ఫైళ్లకు వ్యక్తి పేరుకు బదులు అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు పేరు పడడం మామూలే. అకౌంటు తొలగించిన ఉద్యోగి ఫైళ్ల పక్కన పేరే ఉండదు, ఆ అకౌంటు గుర్తింపు సంఖ్య, ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి అంకెల వరుస ఉంటుంది. సర్వరు మార్పిడిలో విండోస్ కాపీ సాధనమైన రోబోకాపీని డిఫాల్టు అమరికతో నడిపితే ఫైలు డేటా, గుణాలు, తేదీలు వస్తాయి గానీ ఓనరు రాడు. అలా మారిన సర్వరులో ఆ కాలమ్ పట్టుకుని నిలదీయడం మొదలుపెడితే, అందరికంటే ఎక్కువ చోటు తిన్నవాడిగా తేలేది ఆ రాత్రి కూర్చుని కాపీ చేసిన అడ్మినిస్ట్రేటరే.