గేములో పొద్దు గుంకుతలేదు

మా మేనల్లుడికి వారం రోజులుగా అన్నం సహించడం లేదు. ప్రేమా కాదు, పరీక్షలూ కాదు. వాడాడే బేస్‌బాల్ వీడియో గేములో సాయంత్రం సరిగ్గా కావడం లేదట. బేస్‌బాల్ బ్యాటును కళ్లారా చూసినవాడు లేని మా నల్లగొండలో ఇంతకన్నా జటిలమైన సమస్య ఏముంటుంది?

"నాలుగో ఇన్నింగ్స్ దాకా మిట్టమధ్యాహ్నం మామా. ఐదోది షురూ కాంగనే స్విచ్చు ఏసినట్టు అర్ధరాత్రి. గిదేం ఆకాశం?"

బాధ న్యాయమైనదే. పొద్దు గుంకాక కూడా, సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి జారేదాకా వెలుతురు నిలుస్తుంది. మన దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు గనుక 22 నిమిషాలకే తంతు ముగుస్తుంది. జూన్‌లో అమెరికాలోని బోస్టన్ మీదైతే ఏటవాలుగా, అత్తారిల్లు వదల్లేని అల్లుడిలా, అరగంట దాటిస్తాడు. ఆ అరగంటలో ఆకాశం నారింజ నుంచి ముదురు నీలానికి తిరగాలి, ఫ్లడ్‌లైట్లు మెల్లగా పైచేయి సాధించాలి, ఒక్కో ఆటగాడి కాళ్ల కింద నాలుగైదు పలచని నీడలు మొలవాలి.

నీడల విషయంలో మాత్రం మాకు పాఠాలొద్దు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ పొద్దంతా కదలదు. కందూరు చోడుల కాలపు పనితనం అది. అదే గేములో పెట్టి చూడండి, బగ్ అని గగ్గోలు పెడతారు.

దీపాల సంగతికొస్తే, 1935 మే 24న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వాషింగ్టన్‌లో మీట నొక్కితే సిన్సినాటి మైదానంలో లైట్లు వెలిగి, అక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ మేజర్ లీగ్‌లో తొలి రాత్రి ఆట మొదలైంది. మా గల్లీ దీపానికి మీట ఎవరి చేతిలో ఉందో ఇంకా తేలలేదు. పొద్దున పదకొండింటికి నిండుగా వెలుగుతుంది, చీకటి పడిందంటే ఆరిపోతుంది. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానం 1988 దాకా పగటి ఆటలతోనే గడిపింది. మా దీపం ఆ సంప్రదాయాన్ని నిలబెడుతున్నదని సరిపెట్టుకున్నాం.

మొన్న మావాడు గేము కంపెనీకి ఇంగ్లిష్‌లో రెండు పేజీల ఫిర్యాదు రాశాడు, ఫోటోలు జతచేసి మరీ. "పనిలో పనిగా మన దీపం గురించి కూడా ఓ ముక్క రాయి" అన్నాను.

కీబోర్డు మీద వేళ్లు ఆగాయి.

"రాస్త గని మామా, ఎవరికి పంపాలె?"