నేను రాయని పేపరు నా పేరు మీద

పోయిన వేసవిలో నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒకబ్బాయి రెండో చాప్టర్ తెచ్చి చేతిలో పెట్టాడు. గుంటూరు జిల్లా మిర్చి రైతుల సాగు ఖర్చు మీద అతని పని. ఏడాదిగా ఆరు పేజీలు దాటని లిటరేచర్ రివ్యూ (ఇంతకుముందు వచ్చిన పరిశోధనల సమీక్ష) నాలుగు రోజుల్లో 42 పేజీలైంది. ఇంగ్లీషు ఎక్కడా తడబడలేదు. ఏ థీసిస్ అయినా నేను వెనక నుంచి, రిఫరెన్సుల దగ్గర మొదలుపెట్టి చదువుతాను. పదకొండో రిఫరెన్సు దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది నా పేపరు. నా ఇంటిపేరు, నా ఇనిషియల్, నేను అప్పుడప్పుడూ రాసే పత్రిక, సంపుటి, పేజీ నంబర్లు అన్నీ ఉన్నాయి. మిర్చి కౌలు రైతుల అప్పుల మీద రాశానట. ఆ పేపరు నేను రాయలేదు. ఎవరూ రాయలేదు.

"ఇది ఎక్కడ చదివావు నాన్నా?" అని అడిగాను.

"చాట్‌జీపీటీ ఇచ్చింది మేడమ్. మీ పేరు కనపడేసరికి సంతోషమేసి పెట్టేశాను" అన్నాడు.

కోప్పడలేకపోయాను. ఆ సాయంత్రం బ్రాడీపేటలో మా ఇంట్లోనే కూర్చుని ఇద్దరం ఒక్కొక్క రిఫరెన్సూ వెతికాం. పది పన్నెండు అసలు లేనే లేవు. ఇంకొన్ని పేపర్లు నిజంగానే ఉన్నాయి, కానీ వాటిలో ఉందని ఇతను రాసిన మాట మాత్రం లేదు. నన్నడిగితే ఈ రెండో రకమే ఎక్కువ ప్రమాదం. లేని పేపరు వెతికితే దొరికిపోతుంది. ఉన్న పేపరులో లేని మాట దొరకాలంటే ఎవరో ఒకరు ఆ పేపరు తెరిచి మొత్తం చదవాలి. మనలో ఎంతమంది చదువుతున్నాం?

ఆ యంత్రం పుస్తకాల బీరువా కాదు. ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి వీలుందో లెక్కగట్టి మాట పక్కన మాట పేర్చుకుంటూ పోతుంది. మిర్చి, గుంటూరు, కౌలు, అప్పు అన్న మాటల పక్కన నా పేరు నప్పింది, పెట్టేసింది. 2023 జూన్‌లో న్యూయార్క్ కోర్టులో ఇద్దరు లాయర్లూ వాళ్ల సంస్థా కలిపి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది ఇందుకే. చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పుల్ని నిజమైన తీర్పులనుకుని ఒక విమాన సంస్థ మీద కేసులో దాఖలు చేశారు. ఇప్పుడొచ్చేవి ఇంటర్నెట్‌లో వెతికి లింకులు కూడా ఇస్తున్నాయి, ఆ మేరకు మేలే. కానీ లింకు ఉన్నంత మాత్రాన ఆ లింకు లోపల మనకు కావలసిన మాట ఉన్నట్టు కాదు.

అంతకంటే నన్ను కలవరపెట్టింది నాలుగో చాప్టర్. ఈ అబ్బాయి కష్టపడి ఫిరంగిపురం, మేడికొండూరు మండలాల్లో తిరిగి రైతులతో మాట్లాడి, వాళ్ల మాటలు తెలుగులో రాసుకొచ్చాడు. అవి బంగారం లాంటి నోట్సు. 2021-22లో నల్ల తామర పురుగు పూత మీద పడి పంట పోయిన సంగతులు, ఆ ఏడు ఎవరు ఎంత మందు కొట్టారో, ఎవరి దగ్గర అప్పు తెచ్చారో అన్నీ ఉన్నాయి. ఆ మాటల్ని ఇంగ్లీషు చేయమని యంత్రానికిచ్చాడు. ఒక రైతు "మూడెకరాలు నల్లి కొట్టేసింది" అన్నాడు. థీసిస్‌లో అది 'బెడ్ బగ్స్' అయింది. మంచంలో నల్లి! మిర్చి రైతు నల్లి అంటే ఆకు అడుగున చేరి రసం పీల్చే తెల్లనల్లి. అది పడితే ఆకు కిందికి ముడుచుకుంటుంది, తామర పురుగు పడితే పైకి ముడుచుకుంటుంది. కింది ముడతా పై ముడతా అని రైతు విడదీసి చెప్పేది అందుకే, రెంటికీ కొట్టే మందు వేరు. ఇంకొకాయన "ఈసారి తాలు ఎక్కువ దిగింది" అంటే అది వరి పొట్టు అయిపోయింది. మిర్చిలో తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. మిర్చి కొనే మార్కెట్ యార్డులో దానికి వేరే ధర, అందులోనే రైతు నష్టం. ఈ అబ్బాయిది వరి పండే ఊరు, అతనికీ తట్టలేదు.

ఆ రైతు ఎండలో నిలబడి ఒక పరాయి కుర్రాడికి తన నష్టం చెప్పుకున్నాడు. అది థీసిస్‌లోకి వచ్చేసరికి మంచంలో నల్లి అయింది. నాకు బాధ కలిగింది అక్కడ.

ఇంతా చెప్పి, చాట్‌బాట్ ముట్టుకోవద్దని నేను అనబోవడం లేదు. అనే గైడ్లు నాకు తెలుసు, వాళ్ల మాటతో నేను ఏకీభవించను. మన దగ్గర పీహెచ్‌డీకి వచ్చే పిల్లల్లో చాలామంది పల్లెటూరి తెలుగు మీడియం బడి నుంచి వచ్చినవాళ్లు. పగలు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, రాత్రి పదింటికి థీసిస్ తెరుస్తారు. వాళ్ల తలలో విషయం ఉంటుంది, ఇంగ్లీషు వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. నా థీసిస్ ఇంగ్లీషు దిద్దింది మా కాలేజీ ఇంగ్లీషు మాస్టారు. ప్రతి ఆదివారం అరండల్‌పేటలో వాళ్లింటికి వెళ్లి కూర్చునేదాన్ని. ఆయన పేరు కృతజ్ఞతల్లో రాసుకున్నాను, ఎవరూ తప్పు పట్టలేదు. అలాంటి మాస్టారు అందరికీ దొరకరు. దొరకని పిల్లకు యంత్రం వాక్యం సరిచేసి పెడితే నాకు సంతోషమే. చేయాల్సిందల్లా ఆ సంగతి థీసిస్‌లో దాచకుండా రాయడం: ఏ చాప్టర్‌లో, ఏ పనికి, ఎంతవరకు వాడారో. పరిశోధన పత్రికల నీతి నియమాలు చూసే కోప్ అనే అంతర్జాతీయ సంస్థ 2023లోనే చెప్పింది, యంత్రం రచయిత కాలేదు, వాడితే వెల్లడించండి అని. వెల్లడించినవాళ్లను దొంగల్లా చూడకుండా ఉండడం మన వంతు.

మనం చేస్తున్నది దానికి సరిగ్గా తిరగేసిన పని. ఒకమ్మాయి థీసిస్‌ను ఏఐ రాసిందని ఒక సాఫ్ట్‌వేర్ చూపించిందంటూ ఒక యూనివర్సిటీ వెనక్కి పంపింది. ఆ చాప్టర్ ఆమె నా కళ్లెదుట నాలుగుసార్లు తిరగరాసింది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే, ఏఐ రాతను పట్టుకునే తన పరికరాన్ని సరిగ్గా పనిచేయడం లేదని 2023 జూలైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి ఏడు పరికరాల్ని పరీక్షించి, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని ముద్ర వేస్తున్నాయని తేల్చారు. చిన్న చిన్న మాటలతో, జాగ్రత్తగా, ఒకే తీరు వాక్యాలు రాయడమే ఆ పిల్లల నేరం. అలా రాయమని నేర్పింది మనమే కదా?

ఇక సిమిలారిటీ రిపోర్టు, అంటే థీసిస్‌లోని రాత ఇతరుల రాతతో ఎంత శాతం కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చూపే లెక్క. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే చర్య లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ నిబంధనలు వచ్చిన నాలుగేళ్లకు, 2022 నవంబర్ 30న, చాట్‌జీపీటీ వచ్చింది. యంత్రం మామూలుగా కాపీ కొట్టదు, చాలావరకు కొత్త వాక్యమే అల్లుతుంది. దానితో మొత్తం రాయించుకున్న థీసిస్ 4 శాతంతో దర్జాగా బయటపడవచ్చు. అన్నీ చదివి సొంతంగా రాసుకున్నవాడు 14 దగ్గర చిక్కుకుని ఆరు నెలల్లో సవరించి తెమ్మని చెప్పించుకోవచ్చు. ఈ అంకె చూసి సంతకం పెట్టే గైడు ఏం చూసినట్టు?

కాబట్టి మిగిలింది వైవా ఒక్కటే, స్కాలర్‌ను ఎదురుగా కూర్చోబెట్టి థీసిస్ మీద అడిగే మౌఖిక పరీక్ష. నా కోపమంతా అక్కడే ఉంది.

మన వైవాలు ఎలా జరుగుతున్నాయో ఈ పోస్టు చదివే లెక్చరర్లందరికీ తెలుసు. వారం ముందు నుంచి స్కాలర్‌కు ఎక్స్‌టర్నల్ గారి (బయటి యూనివర్సిటీ నుంచి వచ్చే పరీక్షకుడి) రైలు టికెట్టు, హోటల్ గది, కారు, భోజనం, శాలువా ఇదే పని. గదిలో నలభై నిమిషాలు గడిస్తే సగం పొగడ్తలు. ఆ తర్వాత అందరికీ తెలిసిన ప్రశ్నలు: ఈ అంశం ఎందుకు ఎంచుకున్నావమ్మా, శాంపిల్ ఎంత, నీ అధ్యయనానికి పరిమితులేంటి, ముందు ముందు దీని మీద ఎవరైనా ఏం చేయవచ్చు. పీపీటీ చివరి స్లైడు, చప్పట్లు, కాంగ్రాచ్యులేషన్స్ డాక్టర్. ఈ ప్రశ్నలకు జవాబులు రాసివ్వమంటే ఏ చాట్‌బాట్ అయినా రెండు నిమిషాల్లో రాసిస్తుంది. పిల్లలు బట్టీ పట్టుకొస్తున్నారు. బట్టీ సరిపోయే పరీక్ష పెట్టింది మనం. డబ్బులిచ్చి థీసిస్ రాయించుకునే అలవాటు చాట్‌జీపీటీకి చాలా ముందు నుంచే మన ఊళ్లలో ఉంది. అప్పుడు ఆ థీసిస్‌లు దాటుకుంటూ వెళ్లింది ఈ వైవాలనే.

ఇదే యంత్రాన్ని ఇంకో రకంగా వాడిన మనిషిని కూడా నేను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ప్రత్తిపాడు దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, పార్ట్ టైమ్ స్కాలర్. థీసిస్ అంతా అయ్యాక, రైతుల పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి, చాప్టర్లు చాట్‌బాట్‌కు ఇచ్చి "నువ్వు కటువైన ఎక్స్‌టర్నల్‌వి, ప్రశ్నలు మాత్రమే అడుగు, జవాబు చెప్పొద్దు" అంది. రోజుకు ఐదు ప్రశ్నలు. జవాబులు తెలుగులో, చేత్తో, నోటుబుక్కులో రాసుకునేది. పదో రోజో ఎప్పుడో ఒక ప్రశ్న వచ్చింది: మీ పట్టికలో సొంత రైతుకూ కౌలు రైతుకూ ఎకరా ఖర్చు దాదాపు ఒకటే ఎలా ఉంది?

ఆ రాత్రి పదకొండున్నరకు నాకు ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. సాగు ఖర్చు లెక్కల్లో కౌలు రెండు చోట్ల వస్తుంది. కౌలుదారు చేతి నుంచి కట్టే కౌలు ఏ2 అనే ఖర్చులో (చేతి నుంచి పెట్టిన ఖర్చు) చేరుతుంది. సొంత పొలానికి కౌలు వస్తే ఎంతొచ్చేదని లెక్కగట్టే మొత్తం సీ2లో (సొంత భూమి విలువ కూడా కలిపిన ఖర్చు) చేరుతుంది. ఆ అమ్మాయి లెక్క తప్పు కాదు. తప్పు ఇంటర్వ్యూల దగ్గర జరిగింది. మన దగ్గర కౌలు ఒప్పందాలు చాలావరకు నోటిమాటే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చి 11 నెలల ఒప్పందంతో కౌలుదార్లకు సీసీఆర్సీ (సాగు హక్కు) కార్డులు ఇస్తామన్నా, పొలం యజమాని సంతకం కావాలంది, సంతకం పెట్టడానికి వాళ్లు భయపడతారు. యజమాని ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి అడిగితే ఏ కౌలుదారు నిజం చెబుతాడు? సొంత పొలమని రాయించినవాళ్లలో కొందరు కౌలుదార్లే. ఆ అమ్మాయి మళ్లీ వెళ్లింది, ఈసారి సాయంత్రం పూట, పొలం గట్ల మీదికి. మూడు ఆదివారాలు. పట్టిక మారిపోయింది, ఒక చాప్టర్ తీర్మానమే తిరగబడింది. సబ్మిషన్ రెండు నెలలు వెనక్కి పోయింది.

వైవాలో వచ్చిన ఎక్స్‌టర్నల్ నిజంగా చదివిన మనిషి. కౌలు దగ్గరే పట్టుకున్నారు. ఆ అమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టి తడబడింది. ఆయన "తెలుగులో చెప్పమ్మా" అన్నారు. నోటుబుక్కు తెరిచి, ఏ ఊళ్లో ఏ రైతు మొదట ఏమన్నాడో, గట్టు మీద ఏమన్నాడో పేర్లు లేకుండా చెప్పుకుంటూ పోయింది. ఇరవై నిమిషాలు. గదిలో ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు. నేను గైడుగా కూర్చున్న వైవాల్లో నా కళ్లు తడిసింది ఆ ఒక్కసారే.

ఆ ప్రశ్న యంత్రానిదే, ఒప్పుకుంటాను. గైడుగా నేను అడగాల్సిన ప్రశ్న అది, పట్టిక మూడుసార్లు చూసి కూడా అడగలేదు. జవాబు మాత్రం గట్టు మీద ఉంది, ఆమె వెళ్తే దొరికింది.

అప్పటి నుంచి నా స్కాలర్లకు ఒక పద్ధతి పెట్టాను. నెలకొకసారి ల్యాప్‌టాప్ లేకుండా, ఫోన్ బయట పెట్టి, ఒక పట్టిక ప్రింటు తీసుకుని రావాలి. ఆ పట్టిక మీద అరగంట నేను అడుగుతాను, తెలుగైనా ఇంగ్లీషైనా వాళ్లే చెప్పాలి. ప్రతి రిఫరెన్సుకూ తను చదివిన పేజీ ఫొటో చూపించాలి. చాట్‌బాట్‌తో జరిపిన సంభాషణలు చెరపకుండా ఒక ఫోల్డర్‌లో ఉంచాలి, థీసిస్ చివర చెప్పుకోవాలి. ఇందుకు ఎవరి అనుమతీ, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఎనిమిది మంది స్కాలర్లను పెట్టుకున్న గైడుకు నెలకు నాలుగు గంటలు.

మొదట చెప్పిన అబ్బాయి మళ్లీ రాశాడు. రెండో చాప్టర్ ఇప్పుడు 23 పేజీలు. ఇంగ్లీషు అక్కడక్కడా తడబడుతుంది, ఉండనీ అన్నాను. నల్లి, తాలు, పై ముడత, కింది ముడత తెలుగు మాటలుగానే ఉన్నాయి, పక్కన వివరణతో. థీసిస్ సమర్పించే ముందు అందరి ఎదుట చెప్పే అతని ప్రీ-సబ్మిషన్ సెమినార్ వచ్చే నెలలో ఉంది. ఎకనామిక్స్ వాళ్లు మాత్రమే రావాలని లేదు. మిర్చి పండించేవాళ్లు, యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవాళ్లు వస్తానంటే డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడి అనుమతి నేను తీసుకుంటాను. తేదీ ఖరారు కాగానే ఇక్కడే పెడతాను. వచ్చి అతన్ని అడగండి.