పాట నచ్చలేదంటే "మీది ఏ హీరో?" అని అడుగుతారేమిటండీ!

ఇప్పుడే మా కర్నూలు రాజ్ విహార్ సెంటర్ నుంచి ఇంటికి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు, అందుకే రాస్తున్నాను. టీ కొట్టు దగ్గర మా ఆఫీసు కుర్రవాడు ఫోను చేతికిచ్చి ఒక కొత్త సినిమా పాటలన్నీ వినిపించాడు. "ఎలా ఉన్నాయి అన్నా?" అని వాడే అడిగాడు. అడిగాడు కదా అని ఉన్నమాట చెప్పాను. ఒకటి బాగుంది, రెండు పరవాలేదు, మిగిలినవి సంగీత దర్శకుడు నిద్ర మత్తులో కట్టినట్టున్నాయి అన్నాను. వాడు గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసి, "అయితే మీరు అవతలి హీరో మనిషా అన్నా?" అన్నాడు.

నాకు యాభై దాటాయి. నేను ఎవరి మనిషినీ కాదు, మా ఆవిడ మనిషిని. ఆ విషయంలో ఆవిడకే కొంత అనుమానం.

మన దగ్గర పాట మీద అభిప్రాయం చెప్పడమంటే ఓటు ఎవరికి వేశావో చెప్పడమే. బాణీ ఎలా ఉంది, గొంతు ఎలా ఉంది, వయొలిన్లు ఎక్కడ ఎత్తుకున్నాయి, చరణంలో ఆ మలుపు ఎందుకు తేలిపోయింది, ఇవి ఎవరికీ అక్కరలేదు. బాగుందంటే మనవాడు, బాగోలేదంటే పగవాడు. ఇంకా గట్టిగా నిలదీస్తే ఒక బ్రహ్మాస్త్రం ఉంది: "స్లో పాయిజన్ అన్నా, వినగా వినగా ఎక్కుతుంది." అవును నాయనా, వేప కూడా తినగా తినగా తియ్యగానే ఉంటుందని వేమన ఎప్పుడో చెప్పాడు. అంతమాత్రాన పొద్దున్నే పళ్ళెంలో వేపాకు వడ్డిస్తారా?

2010నే తీసుకోండి. అదే రెహమాన్, అదే ఏడాది, తెలుగులో రెండు ఆల్బమ్‌లు. 'ఏ మాయ చేసావె' ఇప్పుడు పెట్టినా చివరిదాకా ఆపకుండా వింటాను. 'కొమరం పులి' వింటే మాత్రం ఆ పేరుతో ఇంకో సంగీత దర్శకుడు ఉన్నాడేమోనని సందేహం వస్తుంది. ఈ మాట అప్పట్లో మా వీధిలో అన్నందుకు ఒకవైపు రెహమాన్ భక్తులు, మరోవైపు పవన్ కల్యాణ్ భక్తులు నన్ను తిట్టిపోశారు. అంతకుముందు వాళ్ళకు ఒకరంటే ఒకరికి పడేది కాదు. నా పుణ్యమా అని ఏకమయ్యారు.

అన్నాను కాబట్టి మిగిలింది కూడా అనేస్తాను. 1994 నాటి 'సూపర్ పోలీస్', 'గ్యాంగ్ మాస్టర్' మొదలుకొని 2004 నాటి 'నాని' దాకా రెహమాన్ నేరుగా తెలుగుకు చేసినవి ఆయన తమిళ పాటల పక్కన వెలవెలబోతాయి. మనకు దక్కిన అసలు రెహమాన్ డబ్బింగ్ రెహమానే. 'రోజా' పాటలకు తెలుగు రాసింది రాజశ్రీ అనే ఆయన. తమిళంలో కదిలిన పెదవులకు అతకాలి, అర్థం కుదరాలి, పైగా జనం పాడుకోవాలి. అది ఎంత కష్టమైన పనో రాసినవాడికే తెలుస్తుంది. కానీ "డబ్బింగ్ పాటలే కదా" అని మూతి తిప్పుతారు. పెళ్ళిలో ఆర్కెస్ట్రా వాళ్ళకు చీటీ రాసి పంపి పాడించుకునేది మాత్రం వాటినే. రాజశ్రీ ఎవరని అడగండి, ఆవిడ ఏ సీరియల్‌లో నటించిందని ఎదురు అడుగుతారు.

మా బావమరిది ఒకడున్నాడు, ఆదోనిలో. ఏ పాట వినిపించినా "ఇది చిరంజీవి పాట", "ఇది నాగార్జున పాట" అంటాడు. పాడింది బాలు, రాసింది వేటూరి, కట్టింది ఇళయరాజా. నాగార్జున పెదవులు కదిపాడు. బాగానే కదిపాడు, కాదనను. నా 'గీతాంజలి' క్యాసెట్ అడిగి పట్టుకెళ్ళి, రెండో వైపంతా ఏదో సినిమా డైలాగులు రికార్డు చేసి తెచ్చిచ్చిన మహానుభావుడు ఇతనే. ఇళయరాజా వయొలిన్లు మోగాల్సిన చోట తొడ చరిచిన చప్పుడు! ఆ క్యాసెట్ పోయి ఎన్నేళ్ళయినా పండక్కి వచ్చినప్పుడు నేను వడ్డిస్తే అతని విస్తట్లో నెయ్యి తక్కువే పడుతుంది.

హీరో అడ్డు లేకపోతే మనవాళ్ళు పాటను పాటగా వినగలరు, అదీ ఒళ్ళు మండే సంగతి. 1980లో 'శంకరాభరణం' వచ్చింది. అందులో ముఖ్య పాత్ర వేసిన సోమయాజులు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకునే మనిషి. ఆయనకు కటౌట్ కట్టే సంఘాలు లేవు, పాలాభిషేకాలు లేవు. ఊరూరా జనం ఆ పాటలు పాడుకున్నారు. బాణీలు కట్టిన మహదేవన్‌కు, పాడిన బాలుకు, వాణీ జయరాంకు జాతీయ అవార్డులు వచ్చాయి. సాహిత్యం ముందు రాయించుకుని ఆ తర్వాత బాణీ కట్టడం మహదేవన్ పద్ధతి. ఇప్పుడు బాణీ కూడా తర్వాతే, ముందు హీరో స్టెప్పు ఖాయం చేస్తున్నారేమో!

ఇక మా కర్నూలు సంగతి. విజయనగర రాజుల నాటి కోటలో మిగిలిన కొండారెడ్డి బురుజు మా ఊరి నడిబొడ్డున ఉంది. 2003లో 'ఒక్కడు' వచ్చిన నాటి నుంచి అది 'ఒక్కడు బురుజు' అయిపోయింది. ఆ సినిమాలో మణిశర్మ బాణీలు నాకూ ఇష్టమే. 'చెప్పవే చిరుగాలి'లో సిరివెన్నెల అక్షరాలు ఉదిత్ నారాయణ్ నోట్లో పడి నలిగిపోయాయి అంటే మాత్రం మహేశ్ బాబు అభిమానులకు కోపం వస్తుంది. పాడింది ఆయన కాదు కదయ్యా!

పోయిన వారం హైదరాబాదు నుంచి మేనల్లుడు వచ్చాడు. బురుజు చూడాలన్నాడు, తీసుకెళ్ళాను. ప్రకాశ్ రాజ్‌ను కొట్టింది ఎక్కడో సరిగ్గా చూపించమన్నాడు. చూపించి, తిరిగి వస్తూ కర్ణాటక సంగీత విద్వాంసులు శ్రీపాద పినాకపాణి గారి గురించి చెప్పాను. మా వైద్య కళాశాలలో పాఠాలు చెప్పిన డాక్టరు, నేదునూరి కృష్ణమూర్తికి, వోలేటి వెంకటేశ్వర్లుకు గురువు, సంగీత కళానిధి, పద్మభూషణ్. కీర్తనలకు నొటేషన్ రాస్తూ జీవితం గడిపి, నూరేళ్ళకు కొన్ని నెలలు తక్కువగా 2013లో ఈ కర్నూలులోనే కన్నుమూశారు. బాంబుల ఊరు, బాంబుల ఊరు అని సినిమాలన్నీ మొత్తుకునే ఊరు ఇదే.

అంతా బుద్ధిగా విని, "ఆయన ఏ సినిమాకు సంగీతం ఇచ్చారు మామయ్యా?" అన్నాడు. ఇంటికి వచ్చిన చుట్టం కాబట్టి కాఫీ ఇచ్చి పంపించాను.